హంద్రీని మాత్రం కత్తిరించొద్దు

కర్నూలు,
ఆదివారం.

అమ్మా చిన్నీ,

నువ్వు మన మిద్దె మీద నుంచి రాత్రిపూట తీసిన ఊరి ఫోటో గురించి మీ ఫోటోగ్రఫీ క్లబ్బు వాళ్ళు అన్న మాటలన్నీ నిన్న ఫోన్లో గబగబా చదివేసి, "నాకీ కెమెరా అచ్చిరాదులే నాయనా" అని పెట్టేశావు. ఆ టెన్షన్‌లో నేనేం చెప్పినా నీ చెవికెక్కదని రాస్తున్నాను.

నువ్వు ఇంటి కంప్యూటర్లో వేసి పోయిన ఆ ఫోటో ఫైలును పొద్దున తీసుకుపోయి, పెద్ద సైజులో ప్రింటు తీయించాను. ఇప్పుడది బల్ల మీద ఉంది. పక్కన నా పాత స్టీలు స్కేలు, భూతద్దం. "కూతురి ఫోటో చూస్తున్నావా, కాలువకు లెవెల్ చూస్తున్నావా" అంటోంది మీ అమ్మ. కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్ల మీద ఉద్యోగం చేసినవాడికి వేరే చూపు ఎక్కడినుంచి వస్తుంది చెప్పు.

"ఊరు ఒరిగిపోయింది" అన్నారు కదా, అది నిజమే. ఎడమ పక్క వాటర్ ట్యాంకు, నడుమ సెల్ టవరు, కుడి పక్క అపార్ట్‌మెంటు అంచు, మూడింటికీ స్కేలు పెట్టాను. మూడూ కుడికే, దాదాపు ఒకే మోతాదులో వాలాయి. అంటే నీ చేతిలో కెమెరా పక్కకు ఒరిగింది, అంతే. కెమెరా మూతి పైకెత్తి ఉంటే అంచుల్లో ఉన్నవి రెండూ లోపలికి, ఒకదానివైపు ఒకటి వంగేవి. ఒరిగినదాన్ని కంప్యూటర్లో కాస్త తిప్పితే సరిపోతుంది, అంచులు కొంచెం పోతాయి. ఈసారి కెమెరా తెర మీద గళ్ళ గీతలు పెట్టుకో, మెనూలో ఉంటాయి.

"ఫోకస్ తప్పింది" అన్న సీనియర్‌తో మాత్రం నేను ఒప్పుకోను. ఫోటో మసకగా ఉన్నది నిజం, ఆయన చెప్పిన కారణం తప్పు. భూతద్దంలో వీధి దీపాలు చూశాను. ప్రతి దీపానికీ ఒకే వైపు కామా మాదిరి చిన్న తోక ఉంది. ఫోకస్ తప్పితే దీపాలు గుండ్రంగా ఉబ్బుతాయి గానీ తోకలు రావు. చెయ్యి కదిలింది తల్లీ. ఫైలు వివరాల్లో షట్టర్ తెరుచుకుని ఉన్నది 1/8 సెకను అని ఉంది, అంతసేపు ఊపిరి బిగబట్టినా చెయ్యి నిలవదు. ట్రైపాడ్ కొనిపెట్టమని అప్పుడే అడగబోకు, మిద్దెకు పిట్టగోడ ఉంది. దాని మీద బియ్యం మూట ఒకటి పెట్టి, కెమెరాను అందులో కుదురుగా ఆనించి, రెండు సెకన్ల టైమరు పెట్టు. బటన్ నొక్కిన కుదుపు తగ్గాక ఫోటో పడుతుంది. కెమెరా కదలకపోతే ఐఎస్‌ఓ, అదే వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 3200 దగ్గర ఉండే పని లేదు. 100కు దించి, షట్టర్ ఎన్ని సెకన్లు కావాలంటే అన్ని సెకన్లు తెరిచి ఉంచుకో. ఆకాశం నిండా గింజలు గింజలుగా కనిపించే ఆ నాయిస్ కూడా దాంతోనే చాలావరకు పోతుంది.

ఆకాశం నల్లగా, దీపాలు తెల్లగా మాడిపోయినట్టు ఉన్నాయన్నదానికి కారణం కెమెరా కాదు, గడియారం. నువ్వు ఎనిమిది దాటాక మిద్దె ఎక్కావు. పొద్దు మునిగాక ఇరవై, ముప్పై నిమిషాలు ఆకాశంలో నీలం మిగిలి ఉంటుంది, కింద దీపాలూ వెలిగి ఉంటాయి. ఆ కాసేపే రెండు వెలుగులూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, కెమెరా రెండింటినీ పట్టగలుగుతుంది. మన వైపు పొద్దు నిట్టనిలువుగా దిగుతుంది కాబట్టి చీకటి తొందరగా పడుతుంది. అందుకే వెలుగుండగానే మిద్దె ఎక్కి, మూటా కెమెరా సర్దుకుని కూర్చోవాలి. వాన వెలిసిన సాయంత్రమైతే ఇంకా మంచిది, గాలిలో దుమ్ము అణిగి దూరాలు తేటగా కనిపిస్తాయి.

"ఎత్తైన బిల్డింగే లేదు" అన్నదానికి నాకు నవ్వొచ్చింది. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు కూడా ఇక్కడ ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఆకాశాన్ని తాకే మేడలు మన దగ్గర ఎక్కడివి? పొట్టి ఊరిని లెన్సు 18 మి.మీ. దగ్గర, అంటే బాగా వెడల్పుగా, పెట్టి తీస్తే మూడొంతుల్లో రెండొంతులు ఆకాశమే వస్తుంది. అదే లెన్సును 55కు తిప్పి, దూరాన్ని దగ్గరకు లాగి ఒక్క ముక్కనే పట్టుకుంటే, దూరంగా ఉన్న ఇళ్ళూ గోపురాలూ మినార్లూ ఒకదాని వెనుక ఒకటి పేర్చినట్టు వస్తాయి.

ఇక అసలు సంగతి. ఒకాయన "కింద ఆ నల్లటి పట్టీ బాగాలేదు, కత్తిరించెయ్" అన్నాడన్నావు. ఇంకో అమ్మాయి "ఇది ఏ ఊరో తెలియట్లేదు, నువ్వు ఏం చూపించాలనుకున్నావు?" అని అడిగిందన్నావు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడు. ఆ నల్ల పట్టీ మన హంద్రీ నది. అటూ ఇటూ దీపాలు, నడుమ దీపం లేని వంపు. ఎండాకాలం అందులో నీళ్ళకన్నా కంపచెట్లే ఎక్కువ. 2009 అక్టోబర్ 2న మాత్రం హంద్రీ, తుంగభద్ర రెండూ ఊళ్ళోకి వచ్చాయి. నువ్వప్పటికి చంకబిడ్డవి. ఆ వంపు కత్తిరిస్తే మిగిలేవి ఉత్త దీపాలు, అవి ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. ఆయన మాట వింటే ఆ అమ్మాయి ప్రశ్న ఇంకా గట్టిపడుతుంది.

ఆ పట్టీ బాగాలేదన్న మాటలో నిజం లేకపోలేదు. ఇప్పుడది నది మాదిరి లేదు, ఫోటోలో ఏదో లోపించినట్టు ఉంది. నీలం వెలుగు ఉన్నప్పుడు తీస్తే నీళ్ళున్న చోట ఆకాశం కాస్తయినా మెరుస్తుంది, అప్పుడు చూసేవాళ్ళకు నది అని తెలుస్తుంది. లేదా హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ దగ్గరికి పోదాం. ఆ జంట గుమ్మటాలు ముందు, ఊరు వెనుక పడేలా తీస్తే ఊరి పేరు ఎవరూ అడగరు. నాకు మాత్రం మిద్దె మీది వంపే ఇష్టం. అది నా ఇష్టమే, నువ్వు పాటించాల్సిన పని లేదు.

ఆ అమ్మాయికి జవాబు రాశావా? రాయకపోతే ఈ రాత్రే రాయి. మిగతావాళ్ళు ఫోటో చూశారు, ఆ పిల్ల నిన్ను అడిగింది.

సెలవులకు వచ్చేటప్పుడు కెమెరా బ్యాటరీ ఛార్జర్ మర్చిపోకు, పోయినసారి మర్చిపోయావు. మీ అమ్మ ఉగ్గాని మీదికి పప్పుల పొడి కొట్టి పెట్టింది, బస్సులో వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపిస్తాం.

ఉంటాను.
నీ నాయన