శనివారం వేసిన జాంబీ సినిమా సంగతి

మొన్న శనివారం మన కాఫీ కొట్టు మేడ మీద జాంబీ కామెడీ చూడ్డానికి వచ్చిన 32 మందికీ ముందుగా సారీ. మనిషికి 150 రూపాయలు తీసుకుని చాలామందిని నిద్రపుచ్చాను.

సినిమా పేరు 'ది డెడ్ డోంట్ డై'. 2019లో కాన్ చిత్రోత్సవం మొదలైంది దీనితోనే. దర్శకుడు జిమ్ జార్ముష్. పోలీసులుగా బిల్ మర్రే, ఆడమ్ డ్రైవర్, శవాలకు అలంకారం చేస్తూ కటానా అనే జపాను కత్తి తిప్పే ఆవిడగా టిల్డా స్వింటన్. ఈ పేర్లు చూసి కళ్ళు మూసుకుని పెట్టేశాను. ఇంకో కారణం చెబితే నవ్వుతారు. సమాధుల్లోంచి లేచిన జాంబీలు ఇద్దరు ఊళ్ళో హోటల్‌లో దూరి, అక్కడున్నవాళ్ళని తినేసి, 'కాఫీ... కాఫీ' అంటూ కూజా ఎత్తి తాగుతారు. కాఫీ అమ్ముకునేవాడికి ఇంకేం కావాలి? ఆ ముక్క ఒక్కటే ముందు చూశాను. తప్పు అక్కడే జరిగింది.

ఆ సీన్‌కి అందరూ నవ్వారు, నిజమే. బతికుండగా దేన్ని పట్టుకు వేళ్ళాడారో చచ్చాక కూడా దానికోసమే తిరగడం మంచి ఊహ. ఫోన్లు పట్టుకుని 'వైఫై' అని గొణిగే శవాలూ బాగున్నాయి. ఆ తర్వాతే జీడిపాకంలా సాగింది. ముఖంలో ఏ మార్పూ లేకుండా జోకు చెప్పడం జార్ముష్ పద్ధతి. ఇంట్లో ఒక్కరే కూర్చుని చూస్తే బాగుంటుందేమో గానీ, మిరపకాయ బజ్జీలు తింటూ పదిమంది చూసే సినిమా కాదు. ఆడమ్ డ్రైవర్ 'దీని ముగింపు బాగుండదు' అని పదేపదే అని, చివర్లో తాను స్క్రిప్టు చదివానంటాడు. వెనక బల్ల దగ్గర్నుంచి మాస్టారు, "మరి మాకు ముందే చెప్పొచ్చుగా నాయనా!" అన్నారు. ఆ సాయంత్రం అందరూ పగలబడి నవ్వింది ఆ ఒక్క మాటకే. టిల్డా స్వింటన్‌ని ఎగిరే పళ్ళెం ఎక్కించుకుపోయేసరికి సగం కుర్చీలు ఖాళీ.

టికెట్ డబ్బులు కావాలంటే కౌంటర్‌లో అడగండి, మొహమాటం వద్దు. లేదంటే నెలాఖరులోగా అదే 150కి కాఫీ, టిఫిన్ తీసుకోండి. మిగిలిన బజ్జీల లెక్క నాది.

వచ్చే నెల 'జాంబీ రెడ్డి' వేద్దామనుకుంటున్నాను. ప్రశాంత్ వర్మ తీసింది, 2021 ఫిబ్రవరిలో వచ్చింది. కర్నూలు ఫ్యాక్షన్ గొడవల మధ్య జాంబీలు దిగితే ఎలా ఉంటుందో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈసారి మొదటి నుంచి చివరిదాకా చూశాను, రెండుసార్లు. అనుమతి వచ్చాక తేదీ బోర్డు మీద రాస్తాను.

మాస్టారూ, వెనక బల్ల మీకే.