శని, ఆదివారాలు గానుగ ఎందుకు ఆగిందంటే

శనివారం పొద్దున్నే డబ్బా పట్టుకుని వచ్చి, షట్టరు దించి ఉండటం చూసి వెనక్కి వెళ్ళినవాళ్ళకీ, వాట్సాప్‌లో "కొట్టు తీస్తారా?" అని అడిగి జవాబు రాక విసుక్కున్నవాళ్ళకీ కలిపి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. మోటారూ కాలిపోలేదు. హైదరాబాద్ నుంచి అక్కా బావగారూ పిల్లల్ని తీసుకుని వచ్చారు, అంతే.

వాళ్ళు ఎప్పుడొచ్చినా నేను కొట్లో, వాళ్ళు ఇంట్లో. రాత్రి భోజనాల దగ్గర తప్ప మాటామంతీ ఉండదు. ఈసారి అమ్మ ఊరుకోలేదు. సంక్రాంతి ఆర్డర్లు నెత్తిన పెట్టుకుని కొట్టు మూయడమేమిటని నాకూ కాస్త టెన్షన్‌గానే ఉంది గానీ, మా పనిలో ఒక సుఖం ఉంది. శుక్రవారం రాత్రి దాకా ఆడించిన నువ్వుల నూనె ఎలాగూ తేరుకోవాలి. మడ్డి అడుక్కి దిగి పైన తేట నిలవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. నేను పక్కన కూర్చున్నంత మాత్రాన అది తొందరగా తేరుకోదు కదా.

శనివారం ఎక్కువ దూరం పోలేదు. రాజమండ్రిలో పుట్టి పెరిగిన నేనే ధవళేశ్వరం కాటన్ మ్యూజియం లోపలికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో. కాటన్ దొర గోదావరి మీద 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ఆనకట్ట పూర్తి చేశారు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ ఆ తర్వాత కట్టింది. అప్పటి పనిలో వాడిన యంత్రాల దగ్గర మేనల్లుడు కదల్లేదు. బ్యారేజీ మీదికి వచ్చాక బావగారు మొదలుపెట్టారు: "సూపర్‌మార్కెట్లో వేరుసెనగ నూనె ఇంతకన్నా చాలా తక్కువకే ఇస్తున్నాడు, నీ దగ్గరెందుకోయ్ ఇంత?"

మీలో చాలామంది మొహమాటానికి అడగని ప్రశ్న అది. ఆయనకు చెప్పిందే మీకూ చెప్తాను. కిలో నూనె దిగాలంటే రెండున్నర కిలోల దాకా పప్పు ఆడించాలి. పప్పు నాసిగా వస్తే అంతకన్నా ఎక్కువే పడుతుంది. పెద్ద మిల్లుల్లో చెక్కలో (నూనె తీశాక మిగిలే పిప్పిలో) మిగిలిన నూనెను కూడా హెక్సేన్ అనే ద్రావకంతో లాగేసి, రిఫైన్ చేసి అమ్ముతారు. మన గానుగలో అది చెక్కలోనే ఉండిపోతుంది. "అయితే ఆ చెక్కకి డబ్బులొస్తాయిగా?" అన్నారు వెంటనే. బ్యాంకు ఉద్యోగి మరి! వస్తాయి, గేదెలున్నవాళ్ళు కొంటారు. అది లెక్క వేసుకున్నాకే ఈ ధర. సంక్రాంతికి పెంచడం లేదు.

ఆ మధ్యాహ్నమే బయల్దేరి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరాం. రాత్రి అక్కడే ఉన్నాం. ఆదివారం పొద్దున మంచు కరిగాక జలతరంగిణి జలపాతానికి వెళ్ళాం. వానాకాలంలో ఉండే ఉధృతి ఇప్పుడు లేదు, పిల్లలు బండల మీద కూర్చుని కాళ్ళు తడుపుకోవడానికి అదే మంచిదైంది. అమ్మ కూడా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ నొప్పుల సంగతి ఆ రోజుకి ఎత్తలేదు.

ఇక బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగు ఒక కణుపు మూసి ఉండేలా కోసి, ఉప్పూ కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు లోపలికి కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద పెడతారు. బొంగు పైన నల్లగా మాడుతుంటే తిప్పుతూనే ఉంటారు. లోపల ముక్క బొంగు తడిలో, తన కొవ్వులోనే ఉడుకుతుంది. విస్తరాకులో గుమ్మరించినప్పుడు వచ్చే ఆవిరికే సగం ఆకలి తీరుతుంది. అందులో నూనె చుక్క పడదు. నూనె అమ్ముకునేవాణ్ణి డబ్బులిచ్చి మరీ నూనె లేని కూర తింటున్నానని అక్క ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది. వ్యాపారానికి నష్టమైనా సరే, రుచి మాత్రం ఒప్పుకోవాలి.

అక్కడి చలికి మేనకోడలి బ్యాగులోని కొబ్బరి నూనె సీసా రాయిలా గడ్డకట్టింది. ఈ వారం నాకు వచ్చిన ఫోన్లలో సగం దాని గురించే. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, అది దాని సహజ గుణం. కల్తీ కాదు. సీసా కాసేపు ఎండలో పెట్టండి, లేదా గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి.

సోమవారం పొద్దున్నుంచి గానుగ మళ్ళీ తిరుగుతోంది. ఊళ్ళో ఆర్డర్లు బుధవారానికల్లా ఇళ్ళకి చేరతాయి, బయటి ఊళ్ళ పార్సిళ్ళు గురువారం కొరియర్‌కి ఇస్తాను. అరిసెలకీ జంతికలకీ ఎక్కువ కావాల్సినవాళ్ళు ఈ వారంలోనే చెప్పండి. చివరి నిమిషంలో అడిగితే తేరుకోని నూనె ఇవ్వాల్సి వస్తుంది, అది నేను ఇవ్వను. ఇక నుంచి నెలలో మొదటి ఆదివారం కొట్టు ఉండదు. అమ్మతో మాట్లాడే చెప్తున్నాను, బేరాల్లేవు.

మునగాకుతో వండుకోవడానికి తెలకపిండి అడిగినవాళ్ళకి మాత్రం వచ్చే వారమే. ఉన్నదంతా అక్క మూట కట్టుకుని రైలెక్కేసింది.