ఫ్లెక్సీకి డబ్బు పంపను తల్లీ

శ్రీకాకుళం

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

మీ విజయనగరం కాలేజీలో విద్యార్థి మండలి కార్యదర్శి పదవికి పోటీ చేస్తున్నానని నువ్వు ఫోనులో చెప్పగానే మీ అమ్మ మార్కుల సంగతి అడిగింది, నేను ఓటర్ల సంగతి అడిగాను. నువ్వు ఇద్దరికీ జవాబు చెప్పకుండా ఫ్లెక్సీలకు మూడు వేలు పంపమన్నావు. పంపనన్నాను. నీకు కోపం వచ్చిందని తెలుసు. ఫోనులో నేను ఒక మాట పూర్తిచేసేలోగా నువ్వు నాలుగు మాట్లాడతావు కాబట్టి, ఈ సంగతులన్నీ కాగితం మీద పెడుతున్నాను.

పోటీ చెయ్యి. అందులో నాకు రెండో ఆలోచన లేదు. మన రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలయింది. మీ ప్రిన్సిపాల్ గారు ఈ ఏడాది మండలిని ఓటుతో ఎన్నుకోమన్నారంటే, ఆయన ధైర్యాన్ని మెచ్చుకోవాలి. మా రోజుల్లో కాలేజీ ఎన్నిక అంటే అద్దె జీపులు, మైకులు, రాత్రిపూట ఎవరి ఖర్చుతోనో భోజనాలు, తెల్లారితే తలకు కట్లు. గెలిచినవాడి పేరు గోడల మీద ఏళ్లతరబడి ఉండేది. వాడు కాలేజీకి ఏం చేశాడని అడిగితే ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ గోల చూసే సుప్రీంకోర్టు ఆదేశంతో మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన కమిటీ వేశారు. దాని సిఫార్సులను అమలు చేయమని 2006 సెప్టెంబరు 22న కోర్టు చెప్పింది. మీ కాలేజీ కూడా వాటినే అనుసరిస్తుందని చెప్పావు కదా, మరి చదివావా? అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చువేసిన పోస్టర్లు కూడదు, చేత్తో రాసినవే అతికించాలి, అవి కూడా కాలేజీ చూపించిన చోటనే. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో ఖర్చుల లెక్క అప్పగించాలి. ఇంకో నియమం నీకు ముఖ్యం. పదవికి పోటీ చేసే అవకాశం ఒక్కసారే. కార్యవర్గ సభ్యత్వానికైతే రెండుసార్లు నిలబడవచ్చు గానీ, కార్యదర్శి పదవికి ఈసారి ఓడిపోతే మళ్లీ లేదు. ఆ ఒక్క అవకాశాన్ని నీ ముఖం పది అడుగుల ఎత్తున అచ్చువేయడానికి ఖర్చుచేస్తానంటే నేనెలా ఒప్పుకుంటాను?

ఇక అసలు విషయం. నువ్వు పంపిన హామీల కాగితం చదివాను. "బస్సు సౌకర్యం మెరుగుపరుస్తాం" అని ఒక వాక్యం ఉంది. ఆర్టీసీ డిపోలో ట్రాఫిక్ విభాగంలో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ని, ఈ ఒక్క వాక్యం గురించి నేను మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు!

విద్యార్థులు ఇచ్చే అర్జీలు మా బల్ల మీదికి ఎలా వస్తాయో చెబుతాను. ఓ ముప్పైమంది వస్తారు, గేటు దగ్గర నినాదాలు ఇస్తారు, మేనేజరు గారికి కాగితం ఇస్తూ ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. కాగితంలో "మా రూటులో అదనపు బస్సులు వేయాలి" అని ఉంటుంది. ఏ రూటు? ఏ వేళకి? ఎంతమంది? ఏ స్టాపులో మిగిలిపోతున్నారు? ఒక్కటీ ఉండదు. ఆ కాగితం ఫైల్లోకి వెళ్తుంది. మేం దుర్మార్గులమై కాదు. అదనపు బస్సు అంటే బండి కావాలి, డ్రైవరు కావాలి, కండక్టరు కావాలి, ఆ కిలోమీటర్లకు ఆదాయం చూపించాలి. అవన్నీ మేనేజరు ఒక్కడి చేతిలో ఉండవు. పైకి రాయడానికి ఆయన దగ్గర అంకె ఒక్కటీ ఉండదు.

ఒకసారి మాత్రం కొందరు డిగ్రీ అమ్మాయిలు నోటు పుస్తకం పట్టుకుని వచ్చారు. నినాదాలు లేవు. రెండు వారాల పాటు సాయంత్రం బస్సు స్టాపుకు ఎన్నింటికి వచ్చింది, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది ఉండిపోయారు, అన్నీ తేదీల వారీగా రాసుకున్నారు. కాలేజీ వదిలే వేళకు ఐదు నిమిషాల ముందే బస్సు దాటిపోతోందని ఆ పుస్తకం చూస్తే తెలిసిపోయింది. వాళ్లకు కావలసింది కొత్త బస్సు కాదు, ఉన్న ట్రిప్పు ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరడం. దానికి పైసా ఖర్చు లేదు. తర్వాతి నెల టైం షెడ్యూలులో మార్చేశాం. ఆ అమ్మాయిల ఫొటో ఏ పేపర్లోనూ రాలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కదా. గుర్తింపు కార్డు చూపితే కండక్టరు సున్నా టికెట్ కొడతాడు. రద్దీలో చాలామంది పిల్లలు ఆ టికెట్ తీసుకోరు, డబ్బు లేనప్పుడు టికెట్ ఎందుకని. అక్కడే పొరపాటు. బస్సులో ఎంతమంది ఎక్కారన్నది మాకు తెలిసేది టికెట్ల లెక్కతోనే. తీసుకోని ప్రతి సున్నా టికెట్టూ, కాగితం మీద ఒక ఖాళీ సీటు. మీ బస్సు ఫుట్‌బోర్డు దాకా నిండి ఉన్నా మా లెక్కలో సగం ఖాళీగా కనిపించవచ్చు. నీ ప్రచారంలో ఈ ఒక్క మాట చెప్పినా మీ కాలేజీకి మేలు చేసినదానివి అవుతావు, గెలిచినా ఓడినా.

బస్సు గురించి ఇంత ఎందుకంటే, నీ కాగితంలో మిగతావన్నీ హాస్టల్ కష్టాలే. మెస్సులో చారు నీళ్లలా ఉందని, గీజరు పనిచేయదని, వైఫై రాదని. నిజమే. కానీ మీ కాలేజీలో హాస్టల్ వాళ్లు ఎంతమంది? నెల్లిమర్ల నుంచి, గజపతినగరం నుంచి, చీపురుపల్లి నుంచి పొద్దున్నే క్యారేజీ కట్టుకుని వచ్చేవాళ్లు ఎంతమంది? వాళ్లు చివరి పీరియడ్ అవగానే బస్సు కాంప్లెక్సుకు పరుగెత్తుతారు. నీ మీటింగులు సాయంత్రం ఐదింటికి, హాస్టల్ మెట్ల మీద. వాళ్లు వినేదెప్పుడు? మధ్యాహ్నం వాళ్లు అన్నం తినే చోటికి వెళ్లు. చెట్టు కిందనో, వరండాలోనో తింటూ ఉంటారు. వాళ్లకు కూర్చునే గది లేదు, చేతులు కడుక్కోవడానికి కుళాయి లేదు అంటే, అది నీ హామీల్లో మొదటిది కావాలి. ఆడపిల్లల మరుగుదొడ్లకు గడియలు ఉన్నాయో లేదో కూడా వాళ్లనే అడుగు. మీకు హాస్టల్ గది ఉంది, వాళ్లకు లేదు.

స్కాలర్‌షిప్ బకాయిలు ఇప్పిస్తానని రాశావు. కొట్టెయ్యి. అది అమరావతిలో తేలాలి, మీ ప్రిన్సిపాల్ గారి చేతిలో కూడా లేదు. ఆలస్యానికి కారణం దరఖాస్తులో ఆధార్ పేరు తేడానో, బ్యాంకు ఖాతా అనుసంధానం కాకపోవడమో అయితే మాత్రం ఆఫీసు క్లర్కు దగ్గర జాబితా అడిగి, ఎవరిది ఎక్కడ ఆగిందో చెప్పగలవు. హామీగా అదే రాయి.

మంచినీళ్ల గురించి జాగ్రత్త. "ఈ నీళ్లు తాగి పిల్లలు జబ్బు పడుతున్నారు" అని రాశావు. రుజువు ఉందా? ఉద్దానం మీ అమ్మ పుట్టిల్లు. అక్కడ కిడ్నీ జబ్బుకు నీళ్లే కారణమని ప్రతి అరుగు మీదా అంటారు. పరిశోధకులు మాత్రం ఇదే కారణమని ఇప్పటికీ తేల్చలేదు. కారణం తేలకపోయినా మంచినీళ్లు కావాలని జనం అడిగారు, 700 కోట్ల పథకంతో హిరమండలం నుంచి వంశధార నీళ్లు 2023 డిసెంబరులో ఆ మండలాలకు వచ్చాయి. నువ్వూ అంతవరకే అడుగు. మంచినీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. మీ ప్లాంటు నీళ్లు పరీక్ష చేయించి రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టమను. ఫిల్టరు ఎప్పుడు మార్చారో అడుగు. జబ్బుల మాట తీసేస్తే వార్డెను గారు కూడా నీ పక్కనే నిలబడతారు, పెడితే ఎదురు తిరుగుతారు.

ఇంకొకటి. అర్జీ ఏదైనా రెండు కాపీలు రాయి, రెండో దాని మీద అందినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకో. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులోకి విద్యార్థి ప్రతినిధిని ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవాలి, 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వడం మంచిదని కూడా ఉంది. మీ కాలేజీలో ఆ కమిటీ ఉందా అని మర్యాదగా అడుగు. ఉందంటే సభ్యుల పేర్లు నోటీసు బోర్డులో ఉండాలి కదా అని ఇంకా మర్యాదగా అడుగు. సమాచార హక్కు దరఖాస్తు సంగతి ఇప్పుడే ఎత్తకు. మొదటి రోజే కత్తి చూపించినవాళ్లతో ఎవరూ మాట్లాడరు.

ఉపన్యాసం మాట. విజయనగరంలో మైకు ముందు నిలబడిన ప్రతివాళ్లూ ఎత్తుకునే గురజాడ "దేశమును ప్రేమించుమన్నా" గేయం నీకూ నోటికి వచ్చు. ఎత్తుకోకు. నీ ముందు మాట్లాడే నలుగురూ అదే చదివి ఉంటారు. నువ్వు లేచి ఏ బస్సు ఎన్నింటికి పోతోందో చెప్పు.

ఫ్లెక్సీ డబ్బు లేదన్నాను గానీ, చార్టులకూ స్కెచ్ పెన్నులకూ ఐదు వందలు వేస్తున్నాను. రసీదు దాచు, లెక్కలో చూపించాలి. అమ్మ జీడిపప్పు ఇచ్చింది, ఆదివారం వచ్చే మీ మామయ్యతో పంపుతాను. ఓటర్లకు పంచకు, అది కూడా ఖర్చులో రాయాల్సి వస్తుంది.

అన్నట్టు, అభ్యర్థికి కనీసం 75 శాతం హాజరు ఉండాలి, పరీక్షల్లో బ్యాక్‌లాగ్ ఉండకూడదు. రెండోదానికి నాకు భయం లేదు. మీ అక్క పెళ్లికని నువ్వు ముందు వారం, తర్వాత వారం కూడా ఇక్కడే ఉండిపోయావు. రేపే ఆఫీసుకు వెళ్లి హాజరు కాగితం తీయించు. తక్కువ పడితే ఈ ఉత్తరం నీ రూమ్మేటుకు ఇచ్చెయ్యి, ఆ పిల్ల ఒక్క రోజు కూడా క్లాసు మానదని నువ్వే కదా చెప్పావు.

ఆశీస్సులతో,
నాన్న