ఎంఆర్ఐ గడి చిన్నదైతే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ పత్రికలో ఎంఆర్ఐ గురించి వచ్చిన వ్యాసం బాగుంది, మా నాన్నగారికి కూడా చదివి వినిపించాను. కానీ రిజల్యూషన్, అంటే బొమ్మలోని సన్నని వివరం, ఎంత పెరిగితే మెదడు అంత బాగా తెలుస్తుందన్న ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. మాది పర్లాకిమిడి, బరంపురంలో రీసెర్చ్ చేస్తున్నాను. స్కాన్‌లోంచి మెదడు పై పొర, అంటే కార్టెక్స్ ఉపరితలాన్ని కంప్యూటర్‌తో గీయించడం నా పని. ఆ మాట నమ్మే నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను.

కార్టెక్స్ మందం సగటున 2.5 మి.మీ. స్కాన్‌లో ఒక్కో గడి, దాన్నే వోక్సెల్ అంటారు, 1 మి.మీ. ఉంటే ఆ మందంలో రెండు మూడు గడులే పడతాయి. అందుకే 0.7 మి.మీ. స్కాన్లు దొరకగానే సంబరపడ్డాను. మేం వాడే ఫ్రీసర్ఫర్‌ను అమెరికాలోని మార్టినోస్ సెంటర్ వాళ్ళు ఉచితంగా ఇస్తున్నారు, చాలా మంచి సాఫ్ట్‌వేర్. కానీ మామూలుగా నడిపితే ఎంత సన్నని స్కాన్ ఇచ్చినా ముందు 1 మి.మీ.కి మార్చుకునే పని మొదలుపెడుతుంది, ఎర్రర్ ఏమీ రాదు. హైరెస్ అనే ఆప్షన్ మనమే చేర్చాలి. నేను చేర్చలేదని నెల తర్వాత గానీ తెలియలేదు.

చేర్చాక అసలు టెన్షన్ మొదలైంది. 0.7 మి.మీ. గడి ఘనపరిమాణం 1 మి.మీ. గడిలో దాదాపు మూడో వంతే, మిగతావన్నీ సమానమైతే సిగ్నల్ కూడా అంతే, కాబట్టి బొమ్మంతా నాయిస్, అంటే చుక్కలు చుక్కలుగా మసక, కార్టెక్స్ కింద ఉండే తెల్ల పదార్థం అంచు ఎక్కడుందో సరిగ్గా దొరకదు. పైగా ఉపరితలాన్ని అల్లే బిందువులు రెట్టింపవుతాయి. ముడతలను విప్పే ఇన్‌ఫ్లేషన్ దశలో ప్రతి బిందువూ ఒక్కో విడతకి తన పక్కవాటి వైపే కాస్త జరుగుతుంది, బిందువులు దగ్గరదగ్గరగా ఉంటే పాత లెక్కన విడతలు చాలవు. నున్నగా ఉబ్బాల్సిన మెదడు నాకు ఎండిన ఉసిరికాయలా వచ్చింది. ఆ తర్వాత గీసిన ఉపరితలంలో తప్పుగా పడ్డ రంధ్రాలు పూడ్చే దశ రెండు రోజులు నడిచి మెమరీ చాలక ఆగిపోయింది. ఎక్స్‌పర్ట్ ఆప్షన్ల ఫైల్లో విడతలు పెంచాకే దారికొచ్చింది.

అప్పటికీ చెవుల పక్కనుండే టెంపోరల్ లోబ్ దగ్గర కార్టెక్స్ బయటి గీత, మెదడును కప్పి ఉండే డ్యూరా పొర మీదకి ఎక్కేసింది, అక్కడ మందం లేనిది ఉన్నట్టు చూపించింది. స్లైసు తర్వాత స్లైసు తెరిచి ఆ పొరను చేత్తో చెరిపాను. అదే మనిషికి టీ2 అనే మరో రకం ఎంఆర్ఐ స్కాన్ కూడా ఉంటే ఈ పని చాలా తగ్గేది. ఇవేవీ అంకెల పట్టికలో కనబడవు, గీతలను స్కాన్ మీద పెట్టి కళ్ళతో చూడాల్సిందే.

పాతపట్నం, శ్రీకాకుళం దాటి విశాఖకు స్కాన్‌కి వెళ్ళే మా ఊరివాళ్ళు ఇది చదివి కంగారు పడొద్దు. డాక్టర్లు చూసేది స్కాన్ బొమ్మనే, నేను చెప్పేది రీసెర్చ్ లెక్క.

మా సరిహద్దులో బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చదివే పిల్లలకు సైన్సు తెలుగులో అందేది మీ పేజీలోనే. రిజల్యూషన్‌తో పాటు నాయిస్ కూడా పెరుగుతుందని, సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి చెప్పాలని ఆ వ్యాసానికి ఒక సవరణ వేయగలరా?

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా