కోలారు గని: ముందు నీళ్ల లెక్క తేల్చండి

సంపాదకుల వారికి,

బంగారం ధర ఎగబాకినప్పుడల్లా కోలారు గనులు మళ్లీ తెరుస్తారన్న వార్త మన పత్రికల్లో మొలుస్తుంది. లోపల మిగిలిందంటున్న టన్నులను ఆనాటి తులం ధరతో గుణించి కోట్లు రాసేస్తారు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న ఎందుకు మూతపడ్డాయో, తెల్లదొరల కంపెనీలు 1956లో ప్రభుత్వానికి ఎలాంటి గనిని అప్పజెప్పాయో మాత్రం ఎవరూ రాయరు. ఆ లోటు తీర్చడానికే ఈ ఉత్తరం.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ చేపట్టిన ఈ గనులకు ప్రాణం ఛాంపియన్ లోడ్. అదొక పలుగురాతి చార. మందం మీటరుకు అటూ ఇటూ. పైన ఏటవాలుగా మొదలై, లోతుకు పోయేకొద్దీ నిటారుగా దిగుతుంది. తొలి దశాబ్దాల్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటి బంగారం పండింది. లండన్‌లోని వాటాదారులకు ఏటా డివిడెండు చేరాలి కనుక బాగా పండిన చోటల్లా తవ్వుకుని, పలచగా ఉన్న రాతిని అక్కడక్కడా దిమ్మెలుగా వదిలేశారు. షాఫ్టులను, అంటే గనిలోకి దిగే బావులను కూడా చార వెంబడే ఏటవాలుగా దించారు. అవి కూలకుండా వాటి చుట్టూ ఇంకొన్ని దిమ్మెలు వదలక తప్పలేదు. పై అంతస్తుల్లో దీనివల్ల పెద్ద ముప్పు కనబడలేదు. ముప్పంతా లోతుకు దిగాక వచ్చింది.

వెయ్యి మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా పైరాతి బరువు సుమారు 280 కిలోలు ఉంటుంది. కోలారు గనుల్లో ఒకటైన ఛాంపియన్ రీఫ్ మూడు వేల మీటర్లు దాటి పోయింది, అంటే 840 కిలోల పైమాటే. చారను తవ్వి తీసేస్తే ఆ భారమంతా పక్కనున్న దిమ్మెల మీద పడుతుంది. అక్కడి రాయి, హార్న్‌బ్లెండ్ షిస్ట్, గట్టిదే కాని పెళుసుది. బొగ్గు గనుల కప్పులా ముందు పెచ్చులు రాల్చి హెచ్చరించదు. ఒత్తిడిని స్ప్రింగులా దాచుకుని ఒక్కసారిగా పేలుతుంది. దీన్ని రాక్ బరస్ట్ అంటారు. వెంట వచ్చే గాలి తోపును బట్టి పాతకాలం వాళ్లు ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. డోలరైట్ డైకుల (పాత రాతిని చీల్చుకుని అడ్డంగా నిలిచిన నల్లరాతి గోడల) పక్కన, మైసూరు నార్త్ ఫాల్ట్ అనే రాతి విరుగు దగ్గర, ఛాంపియన్ రీఫ్ మడతల్లో ఈ బెడద మరీ ఎక్కువ. ఎదురెదురుగా రెండు వైపుల నుంచి తవ్వుకొస్తే మధ్యలో దిమ్మె సన్నబడుతుంది, పేలేది సాధారణంగా అదే. అందుకే ఒకవైపు నుంచే తవ్వుకుపోయి, వెనక దిమ్మె మిగలకుండా చూడాలి. ఈ క్రమం మీద పట్టు కుదిరేనాటికి పాత తవ్వకాలు గనిని జల్లెడ చేసేశాయి.

ఊతం సంగతీ అంతే. మొదట్లో కర్ర ఊతాలు పెట్టారు. కర్ర బాగా నలిగితే గాని బరువు మోయదు, ఈలోగా రెండు వైపులా రాయి దగ్గరికి జరిగిపోతుంది. పైగా పుచ్చిపోతుంది, అంటుకుంటే పొగ. తర్వాత గ్రానైటు రాళ్లను పైనుంచి దించి, సున్నం లేకుండా బిగించి పేర్చిన గోడలు వచ్చాయి. వీటిలో కిటుకంతా బిగింపులోనే ఉంది. గోడకూ గని రాతికీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలితే, ఆ నాలుగు వేళ్ల మేరా రాయి కదిలాకే గోడ బరువెత్తుకుంటుంది.

ఇక వేడి. అడుగున రాయి 65 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఆ రాయి తగలకముందే, షాఫ్టులో దిగే పొడిగాలి తన బరువుకు తానే నొక్కుకుపోయి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగు కాలేది ఇందుకే. రాతిధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ రాకుండా నీళ్లు పోస్తూ డ్రిల్లు వేయాలి, కాని ఆ నీరే ఆవిరై చెమట ఆరనివ్వదు. గనిలో లెక్కకొచ్చేది తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు. అది 32 డిగ్రీలు దాటిన చోట మనిషి ఎక్కువసేపు పని చేయలేడు. ఛాంపియన్ రీఫ్‌లో చల్లబరిచే యంత్రాలు పెట్టింది దొరల సౌఖ్యానికి కాదు, అవి లేకపోతే అడుగున షిఫ్టు నడవదు.

కరెంటు ఒక్కటే ముందుగా దారికొచ్చింది. 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల లైను వేశారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు! అయితే షాఫ్టులో మనుషుల్నీ రాయినీ దించి ఎత్తే తాడు బరువును కరెంటు తగ్గించలేదు. 38 మిల్లీమీటర్ల ఉక్కు తాడు మీటరుకు ఐదున్నర కిలోల దాకా తూగుతుంది. రెండు కిలోమీటర్లు వదిలితే తాడే 11 టన్నులు. అందుకే ఒక షాఫ్టు దిగి, లోపల నడిచి, ఇంకో షాఫ్టు ఎక్కి దిగేవారు. జీతమిచ్చే గంటల్లో చాలా భాగం రాకపోకలకే పోయేది. ఇంత ఖర్చు పెట్టి తవ్వినా, మూతపడేనాటికి టన్ను రాయిలో బంగారం నాలుగైదు గ్రాములకు మించలేదు. గనులు మూతపడింది ఇందుకే.

ఇప్పుడు నీళ్ల మాట. మూసివేతతో పంపులు ఆగాయి, పాత తవ్వకాల గుల్లలన్నీ నీటితో నిండాయి. మూడు కిలోమీటర్ల లోతు నుంచి వెయ్యి ఘనపు మీటర్ల నీరు తోడటానికి, పంపు సామర్థ్యం 65 శాతం అనుకున్నా 12,500 యూనిట్ల కరెంటు కావాలి. అదీ ఒక్క పంపుతో అయ్యే పని కాదు, మెట్టుమెట్టుకూ పంపు గది కట్టాలి. ఊట నీరు రోజూ వస్తూనే ఉంటుంది. నీటిమట్టం మారితే, ఏళ్ల తరబడి నానిన దిమ్మెల మీద ఒత్తిడి కూడా మారుతుంది. తోడటం మొదలుపెట్టే ముందే ప్రకంపనలు పసిగట్టే పరికరాలు నేల మీద సిద్ధంగా ఉండాలి.

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం అనుమతించింది ఈ లోతు గనులకు కాదు, పైనున్న 13 సైనైడ్ దిబ్బలకు, అంటే సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన రాతిపిండి గుట్టలకు. అదే తెలివైన పని. రాయి ఇప్పటికే పిండై ఉంది. సుమారు 3.3 కోట్ల టన్నుల ఈ పిండిలో బంగారం టన్నుకు ఒక గ్రాము లోపే. దిబ్బ అడుగున పాత మిల్లుల మోటు పిండి, పైన తర్వాతి కాలం సన్న పిండి ఉంటాయి కనుక, పైపైన తీసిన నమూనా నమ్మరాదు. పైనుంచి అడుగుదాకా మీటరు మీటరుకూ బోరు వేసి తీయాలి. మోటు గింజలో, సల్ఫైడ్ అనే గంధకపు ఖనిజంలో ఇరుక్కున్న బంగారాన్ని మళ్లీ నూరితే గాని సైనైడ్ ద్రావణం అందుకోలేదు. సున్నంతో ఆ ద్రావణం పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే కొలత) 10కి పైన నిలపాలి. తగ్గిందంటే విషవాయువు లేస్తుంది.

చిత్తూరు జిల్లాలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల గురించి రాసేటప్పుడు కోలారు లోతు కథలు అతికించకండి. అవి మూడు కిలోమీటర్ల గనులు కావు. అక్కడ అడగాల్సింది నీటిమట్టం ఎంతలో ఉంది, ఏ లెవెల్ (లోతు అంతస్తు) నుంచి ఏ లెవెల్ దాకా రాతిని కొలిచారు, ఎన్ని బోర్ల మీద ఆ అంకె తేల్చారు అన్నవే. తదుపరి వార్తలో ఆ మూడు వివరాలు ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కుప్పం