పాతవాళ్లకో రూలు, కొత్తవాళ్లకో రూలా?

ఎడిటర్ గారికి,

మా పోకర్ క్లబ్బు సభ్యత్వ ఫారం నాలుగు పేజీలుంటుంది. చందా గడువు, ఇద్దరు పాత సభ్యుల సిఫారసు, వెంట తెచ్చిన అతిథి గొడవ చేస్తే బాధ్యత ఎవరిది, అన్నీ అందులో ఉన్నాయి. బల్ల దగ్గర ఎలా ఆడాలన్న దాని మీద మాత్రం ఒక్క ముక్క లేదు. అడిగితే "ఆడుతుంటే అదే తెలుస్తుంది" అంటారు. ఎలా తెలుస్తోందో నేను కళ్లారా చూశాను.

కిందటి నెల కొత్తగా చేరిన కుర్రాడొకడు నా పక్కన కూర్చున్నాడు. ముందతను 50 పందెం వేశాడు. కుర్రాడు నోరు మెదపకుండా 500 చిప్ (పందెం బిళ్ల) ఒకటి ముందుకు తోశాడు. పందెం పెంచానని అతని ఉద్దేశం. ఎదురుగా ఉన్న పెద్దాయన నవ్వి, "రైజ్ అని నోటితో అనలేదుగా బాబూ, అది కాల్ కిందే లెక్క" అన్నాడు. కాల్ అంటే ముందువాడి పందేనికి సమానంగా పెట్టడమే కాబట్టి మిగతా 450 వెనక్కి ఇచ్చేశారు.

రూలు ప్రకారం ఆయన చెప్పింది కరెక్టే. మాటా పలుకూ లేకుండా ఒక్క పెద్ద చిప్ పెడితే అది కాల్ మాత్రమే. చిల్లర లేక పెట్టాడో, పెంచడానికే పెట్టాడో అవతలివాళ్లకు తెలియదు కదా. కానీ అంతకు ముందు వారం అదే పెద్దాయన అచ్చం అలాగే చిప్ విసిరి, ఎదుటివాడి మొహం చూసి, తీరిగ్గా "రైజ్" అంటే ఒక్కరూ కాదనలేదు. నేనూ నోరు విప్పలేదు, అది నా తప్పే. కుర్రాడు ఇంకో రెండు ఆటలాడి లేచి వెళ్లిపోయాడు.

ఇలాంటి గొడవలు ఎక్కడో ఒకచోట ఆగాలనే, పోకర్ పోటీలు నడిపేవాళ్లదైన టోర్నమెంట్ డైరెక్టర్ల సంఘం 2001లో పుట్టింది. అప్పటిదాకా ఏ హాలు రూలు ఆ హాలుదే. ఆటకు మేలు, అందరికీ న్యాయం అన్నవే ముఖ్యమని, అరుదైన సందర్భాల్లో అక్షరం కన్నా ఇంగితానికే విలువివ్వాలని వాళ్ల మొదటి రూలు. మా పాత సభ్యులకు ఈ రూలొక్కటీ కంఠతా వచ్చు, తమ దాకా వచ్చినప్పుడు మాత్రమే.

ముక్కలు పారేసి ఆ ఆటలోంచి తప్పుకున్నవాళ్లు నోరు కట్టుకోకపోవడం ఇంకో పెద్ద తలనొప్పి. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో రెండు ఎనిమిదులు తిరగబడగానే ఒకాయన "అయ్యో, ఇప్పుడే ఎనిమిది పారేశానే!" అని తల పట్టుకుంటాడు. పేకలో ఉండేవి నాలుగే ఎనిమిదులు. రెండు బల్ల మీదున్నాయి, ఒకటి ఈయన పారేశాడు, ఇక మిగిలింది ఒక్కటే. తన దగ్గర ఎనిమిది ఉందన్నట్టు ధీమాగా పందెం కాస్తున్నవాడి ఆట ఆ ఒక్క నిట్టూర్పుతో పాడవుతుంది. సరదాకి అన్నానంటే కుదరదు.

గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని, ఎదుటివాడు గెలిచాననుకుని సంబరపడేదాకా విప్పకుండా ఊరించేవాళ్లూ ఉన్నారు. అది రూలు తప్పడం కాదు, ఉత్త కుసంస్కారం. దానికి జరిమానా వేయలేం. చేరిన రోజే "ఇక్కడ అలా చేయం" అని చెప్పగలం.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో నేనొక ప్రతిపాదన పెడుతున్నాను. ఒక పేజీ బల్ల రూళ్లు ఫారంలోనే చేర్చి, కొత్తవాళ్లతో పాటు పాతవాళ్లందరి చేతా సంతకం పెట్టించాలి. తగవొస్తే ఆ ఆటలో ముక్కలు లేని మనిషే తీర్పు చెప్పాలి. పందెంలో ఉన్నవాడు ఎంత పెద్దవాడైనా తనకు తాను తీర్పు చెప్పుకోకూడదు. క్లబ్బు ఖర్చులు చందాతోనే గడవాలి, పాట్‌లోంచి, అంటే బల్ల మీద పోగైన పందెం సొమ్ములోంచి, పైసా తీయకూడదు. బల్ల దగ్గర అప్పులు వద్దు. "నన్ను ఆరు నెలలు రానివ్వకండి" అని ఆట మానుకోవడానికి ఎవరైనా తమంతట తాము రాసిచ్చుకుంటే, మర్నాడు వచ్చి ఎంత బతిమాలినా తలుపు తీయకూడదు. ఈ చివరి దానికి నవ్వేవాళ్లుంటారని నాకు తెలుసు, అయినా పెడతాను.

వేరే క్లబ్బుల వాళ్లెవరైనా ఇలాంటివి ఇప్పటికే రాసి పెట్టుకుని ఉంటే, ఈ శీర్షికలోనే జవాబు రాస్తే మాకు కాస్త పని తగ్గుతుంది.

– ఒక పోకర్ క్లబ్బు సభ్యుడు