సొసైటీల రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి నమస్కారం.

హన్మకొండలోని ఒక కాలనీ వాసులం. మా అర్జీలకు జవాబు రానందున పదిమంది ఎదుట రాస్తున్నాం.

మా సంక్షేమ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితాను మీకు దాఖలు చేయాలి. మా దగ్గర సమావేశమే లేదు. నెలనెలా మెయింటెనెన్స్ మాత్రం తప్పదు.

2023 జూలై వానల్లో బోరు మోటారు కాలిపోయింది. కొత్తదానికని ఇంటింటా వసూలు చేసి, పాతది బిగించారు. లెక్క అడిగిన ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికి నల్లా బంద్ చేశారు. మోకాళ్ల నొప్పులతో ఆమె పక్కింటి నుంచి బిందెలు మోసుకుంటున్నారు. సంఘం మున్సిపాలిటీ కాదు, పోలీసు అసలే కాదు. నియమావళిలో రాసుకున్నంతే దాని అధికారం.

వివాదమైతే జిల్లా కోర్టుకు పోవచ్చని సెక్షన్ 23 చెబుతుంది, నిజమే. అక్కడికి పోవాలన్నా కాగితాలు కావాలి. అవి మీ ఫైల్లోనే ఉండాలి.

కాబట్టి నియమావళి, కార్యవర్గ జాబితాల ధ్రువీకృత నకళ్లు ఇప్పించండి. జాబితాలు దాఖలు కాకుంటే సంఘానికి నోటీసివ్వండి. 30 రోజుల్లో లిఖితపూర్వక జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
కాలనీ ఇంటి యజమానులు, కిరాయిదారులు